కొత్త ఎమ్మెల్యేలకు ఓ రిటైర్డ్ గుమస్తా బహిరంగ లేఖ

తెలంగాణ శాసనసభకు మొదటిసారి ఎన్నికైన సభ్యులందరికీ నమస్కారం.

నేను ఖమ్మం జిల్లా ఓటరును. రెవెన్యూ శాఖలో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. మీలో ఎవరికీ నేను తెలియను. మీలో ఇద్దరు ముగ్గురు నాకు ఫ్లెక్సీల్లో తెలుసు. ఏ పార్టీ వాళ్లయినా సరే, ఈ లేఖ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఈ మధ్య ఖమ్మంలో ఇల్లందు బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక మా బస్సుల్లో నిలబడ్డానికి చోటు దొరికితేనే గొప్ప. ఆ రోజు అదృష్టం బాగుండి ముందువైపు ఒక సీటు దొరికింది. కూర్చుని తలెత్తితే కిటికీ పైన రేకు మీద ‘ఎమ్మెల్యే’ అని రాసి ఉంది. మొదటి అక్షరం రంగు ఊడిపోయి ‘మ్మెల్యే’ అని మిగిలింది. నా పక్కన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడకు అది చదివి చెప్పాను. ఆమె నిజంగానే కంగారు పడింది. ‘ఆయనొస్తే లేవాల్నా బిడ్డా?’ అంది. కండక్టరు టికెట్లు కొడుతూనే, ‘ఆయనొస్తే నా సీటు ఇస్త గానీ నువ్వు కూసో అమ్మా’ అన్నాడు. బస్సంతా నవ్వింది.

నాకు మాత్రం నవ్వు సగమే వచ్చింది. ఎందుకంటే ఆ సీటులో నిజంగా కూర్చుని తిరిగిన ఎమ్మెల్యే మా ఇల్లందు నుంచే ఉన్నారు. గుమ్మడి నర్సయ్య గారు. ఐదుసార్లు గెలిచారు: 1983, 1985, 1989, 1999, 2004. మధ్యలో 1994లో ఓడిపోయారు, 2009 నుంచి మళ్లీ గెలవలేదు. ఆయనది విప్లవ కమ్యూనిస్టు పార్టీ. బస్సులో ఆయన పక్కన కూర్చున్నామని చెప్పుకునేవాళ్లు మా వైపు ఊరికి పదిమంది దొరుకుతారు. జీతం పార్టీకి ఇచ్చేసేవారనీ, సొంతానికి ఏమీ వెనకేసుకోలేదనీ అందరూ చెబుతారు. ఇప్పుడు ఆయన జీవితం మీద సినిమా కూడా మొదలైంది. మంచిదే.

నా బాధ వేరే. ఆయన గురించి ఏ వీడియో చూసినా సైకిలు, బస్సు, చిన్న ఇల్లు, అన్నం పళ్లెం. అంతే. ఐదుసార్లు ఆ సభలో కూర్చున్న మనిషి అక్కడ ఏం అడిగారు, ఏ మంత్రిని ఏ విషయం మీద నిలదీశారు, దేనికి జవాబు రాబట్టారు అన్న మాట ఒక్కరూ ఎత్తరు. అడవి కొట్టి సాగు చేసుకున్న పోడు భూములు, బీడీలు చుట్టే తునికాకు రేటు, గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టం... ఇవి ఆయన రాజకీయమంతా. యాభై ఆకుల కట్టకు ఎన్ని పైసలు పెంచాలన్న దాని మీద మా అడవి పల్లెల్లో సమ్మెలు నడిచేవి. ఎండాకాలంలో తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోసుకొచ్చే ఇంటికి ఆ పైసలే ఏడాది మందుల ఖర్చు, బడి ఖర్చు. అదంతా పక్కనపెట్టి సైకిల్ ఒకటి పట్టుకున్నాం. సైకిల్ అయితే పొగడడం సులువు కదా. పొగిడి ఇంటికి పోవచ్చు. అయినా సైకిల్ తొక్కడం ఏముంది, ఇవాళ రీల్ కోసం కూడా తొక్కుతున్నారు. వెనకాల మూడు ఇన్నోవాలు వస్తుంటాయి.

అందుకని మిమ్మల్ని బస్సెక్కమని నేను అడగను. కార్లోనే రండి. ఏసీ వేసుకోండి. నేను అడిగేది వేరే ఒకటుంది. అది చెప్పే ముందు మా ఆఫీసులో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

శాసనసభలో వేసే ప్రశ్నను మా ఆఫీసు భాషలో ఎల్‌ఏక్యూ (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్) అంటారు. శాసనసభలో ఎవరైనా సభ్యుడు ప్రశ్న వేస్తే అది సచివాలయానికి, అక్కడి నుంచి కమిషనరుకు, కలెక్టరుకు, చివరికి మా మండల ఆఫీసుకు దిగుతుంది. ‘ఎల్‌ఏక్యూ, అతి జరూరు, ఈ సాయంత్రంలోగా’ అని పైన రాసి ఉంటుంది. మామూలు అర్జీలు వారాలకు వారాలు టేబుల్ మీద నిద్రపోతాయి. ఎల్‌ఏక్యూ వస్తే మాత్రం మాకు నిద్ర ఉండేది కాదు. తప్పు సమాధానం పోతే మంత్రి సభలో ఇరుక్కుంటాడు, మంత్రి ఇరుక్కుంటే కింద ఎవరి మెడకు చుట్టుకుంటుందో మాకు బాగా తెలుసు.

ఉమ్మడి రాష్ట్రంలో ఓసారి అలాంటిదొకటి వచ్చింది. ఏజెన్సీ మండలాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోయిన కేసులు ఎన్ని, ఎన్నింటిలో ఆర్డర్లు అయ్యాయి, ఎన్ని ఎకరాలు నిజంగా వెనక్కి అప్పగించారు అని. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, అదే 1/70 ప్రకారం ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనడానికి వీల్లేదు. కొన్నా చెల్లదు. స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ఆర్డరు ఇస్తే తహసీల్దారు వెళ్లి, పంచనామా చేసి, భూమి అప్పగించాలి. కాగితం మీద అంతే.

ఆ సాయంత్రం నేనూ, అటెండరూ బీరువా తీసి పాత రిజిస్టర్లు కింద పరిచాం. చెదలు సగం తిన్నాయి. ఒక పేజీలో ఎర్ర సిరాతో ఆర్డరు నంబరు, తేదీ, రెండెకరాల చిల్లర విస్తీర్ణం, ఒక కోయ రైతు పేరు ఉన్నాయి. ‘అప్పగించిన తేదీ’ అన్న గడి ఖాళీ. ఆర్డరు అయి అప్పటికి పదేళ్లు దాటింది. ఆ రైతు ఎన్నిసార్లు మా ఆఫీసు మెట్లెక్కి ఉంటాడో! నేను కూడా ఒకసారో రెండుసార్లో ‘సార్ క్యాంపులో ఉన్నారు, మళ్లీ రా’ అని పంపి ఉంటాను. గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఆ ఖాళీ గడి పెట్టుకుని సభకు జవాబు పంపలేం కదా. మర్నాడే సర్వేయరు గొలుసు పట్టుకుని బయలుదేరాడు. వారంలో పంచనామా అయింది. రాళ్లు పాతారు. పదేళ్లు అర్జీ చేయలేని పనిని వారంలో చేసింది హైదరాబాద్‌లో ఎవరో ఒక సభ్యుడు సంతకం పెట్టిన నాలుగు లైన్ల కాగితం. ఆ ప్రశ్న వేసిందెవరో మాకు తెలియదు, ఎల్‌ఏక్యూ కాపీ మీద ఏ పేరుందో మేం చూసుకోలేదు. ఆ సభ్యుడికీ ఈ రైతు సంగతి తెలిసి ఉండదు. బహుశా ఆ రోజు సభలో ఆ ప్రశ్న చర్చకు వచ్చే లోపే గంట అయిపోయి ఉంటుంది కూడా. పర్లేదు. కింద రాళ్లు పాతేశారు.

మీ ఉద్యోగానికి ఉన్న బలం ఇదీ. ఇది మీకు ఎవరూ చెప్పరు. మీ పీఏ చెప్పడు, మీ ఫ్లెక్సీలు కట్టేవాళ్లు చెప్పరు. నిజం చెప్పాలంటే మేం ఓటర్లం కూడా చెప్పం.

మరి మీ ఉద్యోగం ఇప్పుడెలా నడుస్తోంది? మా అక్క సంగతి చెబుతాను. ఆమె కూతురి పెళ్లికి కల్యాణలక్ష్మి దరఖాస్తు పెట్టాం. 2014లో రూ.51 వేలతో మొదలైన పథకం, ఇప్పుడు లక్షా నూటపదహారు. మీసేవలో పెట్టాం, ఆఫీసులో విచారణ అయింది, సంతకాలు అయ్యాయి, చెక్కు వచ్చింది. వచ్చిన చెక్కు ఆఫీసులోనే ఉండిపోయింది. ఏమయిందయ్యా అంటే ఎమ్మెల్యే గారి డేట్ దొరకలేదన్నారు. నేను ఆ శాఖలోనే అరిగిపోయినవాణ్ని, నాకే చేతకాలేదు. చెక్కుకు మూడు నెలలే ప్రాణం కదా, ఆ టెన్షన్ మాది. చివరికి ఫంక్షన్ హాల్లో పెద్ద సభ పెట్టారు. పొద్దున పదింటికి రమ్మంటే వెళ్లాం. ఆయన ఒంటిగంటన్నరకు వచ్చారు. పేరు పిలిచారు. మా అక్క స్టేజీ ఎక్కింది. చెక్కు ఒక కొస ఆయన పట్టుకున్నారు, ఒక కొస మా అక్క పట్టుకుంది. ‘అమ్మా ఇటు చూడు, ఇంకొకటి’ అని ఫోటోగ్రాఫరు అనేదాకా ఆయన వదల్లేదు. కింద మా మేనకోడలు నిలబడి చూస్తోంది. చంకలో ఎనిమిది నెలల పిల్లాడు. పెళ్లి ఖర్చుకని ఇచ్చే డబ్బు బారసాల కూడా అయిపోయాక వచ్చింది.

ఆ ఎమ్మెల్యే చెడ్డవాడేమీ కాదు. పిల్లాడి బుగ్గ గిల్లి పేరడిగాడు కూడా. కానీ రైతు డబ్బులు నేరుగా ఖాతాలో పడుతున్నప్పుడు ఈ చెక్కుకు మాత్రం స్టేజీ ఎందుకు? ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు మీ క్యాంపు ఆఫీసు గుండా ఎందుకు రావాలి? ఆస్పత్రి బిల్లు కట్టి అప్పులపాలైన ఇంటివాళ్లు మీ వరండాలో రెండు గంటలు కూర్చుని, మీకు దండం పెట్టి, తమకు రావాల్సిందే మీ చేతుల మీదుగా తీసుకోవాలా? మీకు దండాలు కావాలి కాబట్టే ఇది ఇలా నడుస్తోందని నా అనుమానం. మీరు కాదంటే సంతోషిస్తాను.

అంతా మీ మీదే తోసేయడం అన్యాయం. మేం మిమ్మల్ని ఏం అడుగుతున్నామో నాకు తెలుసు. బదిలీ, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, పోలీస్ స్టేషన్‌కు ఫోను, గుడి తోరణానికి చందా. పెళ్లికి రాలేదని అలగడం, చావుకు రాలేదని ఇంకా అలగడం. సభలో ఏం మాట్లాడారని మిమ్మల్ని అడిగిన ఓటరు ఒక్కడైనా తగిలాడా? ఇంకో మాట. ఎన్నికల సంఘం లెక్క ప్రకారం అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. మీ జీతభత్యాలు 2016లో పెంచాక నెలకు రెండున్నర లక్షలు, ఐదేళ్లకు కోటిన్నర. మా ఊళ్లో కవర్లు పంచిన తీరు చూస్తే ఈ రెండు లెక్కలూ ఎక్కడా కుదరవు. మా ఇంటికీ కవరు వచ్చింది. నేను తీసుకోలేదని రాస్తే బాగుండేది. మా ఇంట్లో తీసుకున్నారు, నేను చూసీ చూడనట్టు పేపరు చదువుకున్నాను. మొన్నటికి మొన్న నర్సయ్య గారి వీడియో చూసి కళ్లు తుడుచుకున్న ఇల్లు కూడా అదే.

మా ఇల్లందు కథ ఇంకాస్త చెబుతాను, మీకు పనికొస్తుంది. సింగరేణి బొగ్గు మొదట తవ్విన ఊరు అది. ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గం. 2014లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచినాయన తర్వాత టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2018లో ఆయన్ని ఓడించి కాంగ్రెస్ టికెట్ మీద గెలిచినావిడ 2019లో తానూ టీఆర్ఎస్‌లోకే వెళ్లారు. ఆ ఏడాది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది ఒక్కసారిగా టీఆర్ఎస్‌లో విలీనమైపోయారు, ఆ పన్నెండులో ఆమె ఒకరు. మూడింట రెండు వంతులు ఉన్నారు కాబట్టి చట్టం ప్రకారం తప్పు లేదన్నారు. 2023లో మొదటాయన మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చి ఆవిణ్ని ఓడించారు. పదేళ్లలో ఇద్దరూ రెండు కండువాలూ కప్పుకున్నారు. మూడుసార్లూ ఇల్లందు ఓటరు చేతి గుర్తుకే గుద్దాడు. ఆ గుర్తు మీద గెలిచినవాళ్లు ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ పక్క పార్టీకి నడిచారు. ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. బిగించిన ప్రతిసారీ దూరడానికి సందు మిగులుతూనే ఉంది.

నాకు అర్థం కానిది ఒక్కటే. అభివృద్ధి కోసం పార్టీ మారాలా? అంటే ప్రతిపక్షంలో కూర్చుంటే మా రోడ్డు పడదనే కదా మీరే ఒప్పుకుంటున్నది? ఐదుసార్లు గెలిచిన నర్సయ్య గారు ఒక్క రోజు కూడా అధికార పక్షంలో లేరు. నర్సంపేటలో మద్దికాయల ఓంకార్ 1972 నుంచి 1989 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచారు, ఆయనా అంతే. ఆయన్ని జనం ‘అసెంబ్లీ టైగర్’ అన్నారు. ఆ పేరులో అసెంబ్లీ అన్న మాట ఉండడం గమనించండి. క్యాంపు ఆఫీసు టైగర్ అని ఎవరినీ అనలేదు.

అటు అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లిలో వావిలాల గోపాలకృష్ణయ్య గారు. నాలుగుసార్లు ఎమ్మెల్యే, అందులో ఎక్కువసార్లు స్వతంత్రుడే. వెనక పార్టీ లేదు, మంత్రి పదవి లేదు. నాగార్జునసాగర్ కోసం ఊరూరా తిరిగారు. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం వచ్చినప్పుడు ఆయన సభలో ఉన్నారు. 1974లో అధికార భాషా సంఘానికి మొదటి అధ్యక్షుడూ ఆయనే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలుగులో నోట్ ఫైల్ రాయాలని సర్క్యులర్లు వచ్చేవి, మా సూపరింటెండెంటు ‘ఈ వావిలాల మన ప్రాణం తీశాడు’ అని గొణుగుతూనే తెలుగు టైపు మిషన్ తెప్పించాడు. ఆ మిషన్ మీద టైపు చేసిన నోటీసును మొదటిసారి ఒక రైతు మా ముందే, ఎవరి సాయం లేకుండా, వేలు పెట్టి చదువుకున్నాడు. సత్తెనపల్లి ఎక్కడ, మా మండలం ఎక్కడ!

సభ ఎక్కువ రోజులు నడవడం లేదని మీరనవచ్చు. నిజమే. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదని మాత్రమే రాజ్యాంగం చెబుతుంది, ప్రభుత్వాలు ఆ ఆరు నెలల్నే పట్టుకుంటాయి. నడిచిన రోజుల్లో సగం తిట్లకే సరిపోతుంది. బడ్జెట్ పద్దుల మీద చర్చ గడువు ముగిసిందంటే మిగిలినవన్నీ కట్టగట్టి ఒకేసారి ఓటింగ్ పెట్టేస్తారు. మొదటిసారి సభ్యులకు మైకు దొరకడం కష్టమని కూడా విన్నాను. కానీ ప్రశ్న వేయడానికి మైకు అక్కర్లేదు. నక్షత్రం గుర్తు ప్రశ్నకు మంత్రి లేచి జవాబు చెప్పాలి. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా వస్తుంది. ఏదైనా సరే, కింద మా గుమస్తాలు బీరువా తీయాల్సిందే. అధికార పక్షంలో ఉన్నా అడగొచ్చు, అందులో తప్పు లేదు. మంత్రి గారికి ముందు ఒక మాట చెప్పి అడగండి పోనీ.

ఆ వచ్చిన జవాబును తెలుగులో ఒక కాగితం మీద వేసి గ్రామ పంచాయతీ గోడకు అంటించండి. ఖర్చు ఎంత? మీ పుట్టినరోజు ఫ్లెక్సీలో ఒక మూలకయ్యే ఖర్చు. జనం చదవరంటారా? మా ఊళ్లో రేషన్ లిస్టు, ఉపాధి హామీ లిస్టు గోడకు వేస్తే చదవనివాడు లేడు. అక్షరాలు రానివాళ్లు పిల్లల చేత చదివించుకుంటారు. తన పేరు, తన ఊరి పేరు ఉంటే ఎవడైనా ఆగి చూస్తాడు.

ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఒకటి నేనే రాసి ఇస్తున్నాను. ముప్పై ఏళ్లు ఇలాంటి కాగితాలకు జవాబులు రాసినవాణ్ని కాబట్టి నమూనా నాకు కంఠతా వచ్చు. మీ పేరు, నియోజకవర్గం మీరే వేసుకోండి.

గౌరవనీయులైన వెనుకబడిన తరగతుల సంక్షేమ శాఖ మంత్రి దయచేసి ఈ కింది విషయాలను తెలియజేస్తారా:

(ఎ) కల్యాణలక్ష్మి పథకం కింద మంజూరైన చెక్కులు లబ్ధిదారుల చేతికి అందడానికి సగటున ఎన్ని రోజులు పడుతున్నది, మండలాలవారీగా;

(బి) పంపిణీ కార్యక్రమం జరగనందున గడువు ముగిసిపోయి, తిరిగి జారీ చేయవలసి వచ్చిన చెక్కులు ఎన్ని;

(సి) ఈ మొత్తాన్ని వధువు తల్లి బ్యాంకు ఖాతాలో నేరుగా జమ చేసే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా;

(డి) లేనిచో, కారణములు?

ఇట్లు,
ఇల్లందు బస్సులో మీ సీటులో కూర్చున్న
ఖమ్మం జిల్లా ఓటరు